వకాలత్‌నామా లేని వకీలు

ప్రశ్న: మా పిల్లగాడు గ్రూప్-2కు చదువుతుండు. పుస్తకంల 'క్రిప్స్ రాయబారం, 1942, విఫలం' అని ఒక్క లైనే ఉన్నది. ఈ క్రిప్స్ వకీలట గద సార్, మంత్రి ఎట్లయిండు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వకీలే, అదీ పేరుమోసిన వకీలు. స్టాఫర్డ్ క్రిప్స్ లండన్‌లో కెమిస్ట్రీ చదివి, 1913లో బారిస్టరై పేటెంటు కేసులు పట్టాడు. యంత్రంలో ఏ మర ఎందుకు తిరుగుతుందో జడ్జికి విప్పి చెప్పగలిగేవాడికి ఫీజుకేం కొదవ? నల్లగొండ కోర్టులో గెట్టు పంచాయితీలతో తల నెరిసిన నాకు మాత్రం ఆయనలో నచ్చిన సంగతి వేరే. 1934లో ఉత్తర వేల్స్‌లో గ్రెస్‌ఫర్డ్ బొగ్గుగని పేలి 266 మంది పోయారు. ఆ విచారణలో కార్మికుల తరఫున పైసా తీసుకోకుండా వాదించాడు.

ఇక పదవులంటారా, 1930లో బ్రిటన్ లేబర్ ప్రభుత్వం ముందు సొలిసిటర్ జనరల్‌ను, అంటే సర్కారు తరఫు పెద్ద వకీలును చేసింది, ఎంపీ అయింది ఆ తర్వాతే, 1931లో. కమ్యూనిస్టులను కలుపుకొని పోదామన్నందుకు 1939లో సొంత పార్టీయే వెళ్లగొట్టింది. మరుసటేడు చర్చిల్ ప్రభుత్వం మాస్కోకు రాయబారిగా పంపింది. అక్కడినుంచి వచ్చి యుద్ధ మంత్రివర్గంలో చేరి, 1942 మార్చిలో ఢిల్లీలో దిగాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ రాజు కిందే స్వయంపాలన, రాజ్యాంగ సభ ఇస్తామన్నాడు. రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర కాంగ్రెస్‌తో మాట తెగిందని మీవాడి పుస్తకంలోనూ ఉండే ఉంటుంది. నాకు గుచ్చుకునేది ఇంకో ముక్క. సంస్థానాల ప్రతినిధులను ప్రజలు కాదు, రాజులే పంపుతారట. మన నల్లగొండ అప్పుడు నిజాం ఇలాకా. అంటే దొర గడీలో వెట్టి చేసిన మా తాత తరఫున మాట్లాడేది నిజాం పంపిన మనిషి! కాంగ్రెస్ కూడా దీన్ని తప్పుపట్టింది.

మునుగోడు నుంచి ముసలమ్మ వస్తే, బొటనవేలికి సిరా పూసి వకాలత్‌నామా మీద ఒత్తించి, పక్కన 'ఫలానా ఆమె ఎడమచేతి వేలిముద్ర' అని గుమాస్తాతో రాయించాకే నేను ఫైలు ముట్టేవాణ్ణి. అంత చదివిన క్రిప్స్, కోట్ల మంది వేలిముద్ర లేని కాగితాన్ని ఎట్లా చేతబట్టుకొచ్చాడో!

తర్వాత 1947 నుంచి 1950 దాకా బ్రిటన్ ఆర్థికమంత్రి. విలువ తగ్గించేది లేదని పదేపదే చెప్పి, 1949లో పౌండును 4.03 డాలర్ల నుంచి 2.80కి దించాడు. 1952లో పోయాడు.

అన్నట్టు, అధికార బదిలీ మాటలకు వచ్చిన 1946 క్యాబినెట్ మిషన్‌లోనూ ఈయన ఉన్నాడు, పెథిక్ లారెన్స్, అలెగ్జాండర్‌లతో కలిసి. ముగ్గురి పేర్లూ మీవాణ్ణి రాసిపెట్టుకోమనండి.