తరగతి గదిలో గైడ్ కుక్క ఉంటే మతపరమైన అభ్యంతరం చెల్లుతుందా?

అమెరికా విశ్వవిద్యాలయంలో చూపులేని విద్యార్థి గైడ్ కుక్కతో తరగతికి వస్తుంటే, మతరీత్యా కుక్కకు దూరంగా ఉండే ముస్లిం విద్యార్థి దాన్ని బయట ఉంచమని కోరవచ్చా అన్నది ప్రశ్న. కోరినా చెల్లదు. వైకల్యం ఉన్నవారి హక్కులను కాపాడే 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం కింద సిబ్బంది అడగదగినవి రెండే ప్రశ్నలు: కుక్క వైకల్యం వల్ల అవసరమైనదా, ఏ పనికి శిక్షణ పొందింది, అవసరం కళ్లకు కనిపిస్తుంటే అవి కూడా అడగకూడదు, ధ్రువపత్రం సంగతి సరేసరి.

అయితే రెండో విద్యార్థి ఇబ్బంది కూడా నిజమైనదే. ఇస్లామిక్ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన షాఫీ సంప్రదాయంలో కుక్క లాలాజలం తగిలిన చోటును ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడగాలి. మరో సంప్రదాయమైన మాలికీ మాత్రం కుక్కను అపవిత్రంగా చూడదు. అంటే చిక్కు కుక్క గదిలో ఉండటంలో కాదు, దాని తడి తగలడంలో ఉంది, కనుక చాలావరకు కుర్చీల అమరికతోనే తీరిపోతుంది: కుక్క యజమాని కాళ్ల దగ్గర బల్ల కింద పడుకుంటుంది, అభ్యంతరం ఉన్నవారు రెండు వరుసల అవతల కూర్చుంటారు, ప్రయోగశాలలో వేరే జట్టులో చేరతారు. నా దృష్టిలో, సర్దుబాటు పేరుతో చూపులేని విద్యార్థిని వెనక మూలకు నెట్టడం మాత్రం తప్పు. బ్రిటన్‌లోని లెస్టర్‌లో 2008లో ఒక మసీదే గైడ్ కుక్కకు లోపల విడిగా చోటు కల్పించింది.