పదిహేడేళ్ల మేనల్లుడికి సగం జీతం

అమ్మా, మీ ఉత్తరంలో సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ తెలియాలి కదా. మీవారికి ప్రింటింగ్, బైండింగ్ పని ఉంది. మీ తమ్ముడి కొడుకు, 17 ఏళ్లవాడు, చదువుకుంటూ సాయంత్రాలూ సెలవురోజులూ అక్కడికి పనికి వస్తున్నాడు, ఏడాది కావస్తోంది. పక్కనే కూర్చుని అదే పని చేసే ఒక పెద్దాయనకి గంటకి ఎంత ఇస్తున్నారో అందులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే వీడికి ఇస్తున్నారు. ఆ సంగతి ఈమధ్యే తెలిసి "మామయ్యా, నేనూ అన్ని ఫారాలే మడుస్తున్నా కదా" అని అడిగాడు (ఫారం అంటే పుస్తకం పేజీలు అచ్చైన పెద్ద కాగితం). మీవారికి కోపం వచ్చింది. "పని నేర్పిందే నేను, పోయిన పుట్టినరోజుకి ఫోన్ కొనిచ్చిందీ నేనే, చాలా దేశాల్లో చట్టమే చిన్నవాళ్లకి తక్కువ ఇమ్మంటుంది" అన్నారు. మీ తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు. మీ మరదలికేమో డబ్బు ఎక్కువ చేతికొస్తే పిల్లాడు చదువు వదిలేస్తాడని భయం. అటు మాట్లాడితే పుట్టింటి పక్షం, ఇటు మాట్లాడితే మొగుడి పక్షం అంటారని మీరు నోరు మూసుకుని కూర్చున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

సూటిగా చెప్పేస్తాను. వాడు అడిగిన దాంట్లో తప్పు లేదు. మీవారు చెడ్డమనిషి కాదు, ఉత్తరం నిండా ఆయన మంచితనమే కనిపిస్తోంది. కానీ ఏడాదిగా అదే పని చేస్తున్నవాడికి వయసు తక్కువ కాబట్టి జీతం తక్కువ అనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు, సొంత మేనల్లుడైనా ఎవరి పిల్లాడైనా సరే.

చట్టం మాట ఎత్తారు కాబట్టి అదేంటో చూద్దాం. చాలా చోట్ల చిన్నవాళ్లకి వేరే రేటు ఉన్న మాట నిజమే. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేట్ల ప్రకారం 21 నిండినవాళ్లకి గంటకి కనీసం 12.21 పౌండ్లు, 18 నుంచి 20 వాళ్లకి 10, 16-17 ఏళ్లవాళ్లకి 7.55. అయితే కనీస వేతనం అంటే అంతకంటే కిందికి దిగకూడదని, అంతే ఇమ్మని కాదు. చట్టం తక్కువ ఇవ్వనిస్తుంది, ఇమ్మని ఎవరినీ బలవంతం చేయదు. ఇంకొకటి కూడా చూడండి. అదే బ్రిటన్‌లో 1999లో ఈ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు పూర్తి రేటు రావాలంటే 22 ఏళ్లు ఉండాలన్నారు, 2010లో 21 చేశారు, 2016లో కొత్తగా ఇంకో పై రేటు పెట్టి దానికి 25 అన్నారు, 2021లో దాన్ని 23కి దించారు, 2024లో మళ్లీ 21కి వచ్చారు. పాతికేళ్లలో ఆ వయసు గీత ఇన్నిసార్లు అటూ ఇటూ జరిగింది. ఫలానా పుట్టినరోజుకి మనిషి పనితనం మారిపోతుందని తేలి ఉంటే అలా జరగాల్సిన పని ఉండేది కాదు.

ఇక "నేర్పాను" అన్న మాట. దానికి విలువ ఉంది, నేను కాదనను. కొత్తగా వచ్చినవాడు మొదట్లో ఫారం వంకరగా మడుస్తాడు, పేజీల వరస తప్పుతాడు, పిన్ను పక్కకి కొడతాడు, ఆ కాగితమంతా వృథా. పక్కన ఎవరో ఒకరు నిలబడి చూపించాలి, ఆ టైం కూడా డబ్బే. ఆ కొన్నాళ్లు తక్కువ ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. అమెరికా ఫెడరల్ చట్టంలో 20 ఏళ్లలోపు వాళ్లకి మామూలు 7.25 డాలర్ల బదులు 4.25 ఇవ్వొచ్చు, కానీ చేరిన రోజు నుంచి 90 రోజుల వరకే, అవి కూడా పనికి వచ్చిన రోజులు కాదు, క్యాలెండర్ రోజులు. ఆ రేటు మరీ తక్కువ, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. నేర్చుకునే కాలానికి ఒక గడువు ఉండాలన్న సంగతి మాత్రం పట్టుకోండి. మీవాడికి ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వాడు మడిచిన కట్టనీ పెద్దాయన మడిచిన కట్టనీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మీవారే చెప్పలేరు, ఆ మాట మీరే రాశారు. నలభై ఏళ్లవాడు కొత్తగా చేరినా నేర్పాల్సిందే కదా, అప్పుడు ఆయనకి సగం జీతం ఇచ్చి ఏడాది పాటు ఉంచుతారా?

మీవారి వైపు ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాచిపెట్టి మీకు సలహా ఇస్తే మోసం చేసినట్టు అవుతుంది. డెన్మార్క్‌లో యూనియన్ల ఒప్పందాల ప్రకారం 18 నిండగానే కనీస జీతం బాగా పెరుగుతుంది. ఆ పుట్టినరోజు దగ్గర ఏం జరుగుతోందని ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే (2020లో ప్రచురించారు) గంట జీతం 40 శాతం దాకా పెరిగింది, పనిలో ఉన్నవాళ్ల సంఖ్య మాత్రం మూడో వంతు పడిపోయింది. పిల్లలకి కూడా పెద్దవాళ్ల రేటే అంటే వాళ్లకి అసలు పనే దొరకదు అనేవాళ్లు దీన్నే చూపిస్తారు, కొట్టిపారేసే మాట కాదు. ఏ అనుభవమూ లేని కుర్రాడికి మొదటి అవకాశం ఇచ్చేవాళ్లు తక్కువ, అది నిజం. కానీ ఆ లెక్కలోనే నాకు ఇంకోటి కనిపిస్తుంది. పద్దెనిమిది నిండినవాడు నిన్నటికంటే పని తక్కువేం చేయడు, ఖరీదు పెరిగాడు అంతే, వాడి చోటులోకి తీసుకోవడానికి చవగ్గా దొరికే పదిహేడేళ్లవాడు ఇంకొకడు ఉంటాడు.

ఇక్కడే మీరెవరూ పట్టించుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. ఆ పెద్దాయన. ఆయనకి సంసారం ఉంది, పిల్లలు ఉన్నారని రాశారు. తన పక్కన కుర్రాడు అదే పని సగం డబ్బుకి చేస్తుంటే ఆయన మనసులో ఏముంటుంది? రేపు ఓనరు "ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుంటే సరిపోతుంది కదా" అనుకుంటే తన గతేంటని టెన్షన్ ఉండదా? అమెరికా చట్టంలో కూడా ఆ తక్కువ రేటుకి కుర్రాళ్లని పెట్టుకోవడం కోసం పాతవాళ్లని తీసేయకూడదని ప్రత్యేకంగా రాసుకున్నారు, ఆ భయం నిజం కాకపోతే రాసేవాళ్లు కాదు. మేనల్లుడికి సరైన జీతం ఇస్తే ఆ పెద్దాయనకీ ధైర్యం వస్తుంది.

వయసు తేడా అసలు చూపించకూడదా అంటే, తప్పకుండా చూపించాలి. జీతంలో కాదు, పనిలో. మీ ఉత్తరం చివర్లో, పని ఎక్కువగా ఉన్న రోజుల్లో వాడు కటింగ్ మెషిన్ దగ్గర కూడా నిలబడతాడని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది చదివి నాకు భయం వేసింది. జీతం గొడవ తేలినా తేలకపోయినా రేపటి నుంచే వాణ్ణి ఆ బ్లేడు దగ్గరికి పంపకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం ప్రమాదం ఉన్న పనులకి 18 నిండాలి. మడత పని, పేర్చడం, అతికించడం, లెక్క చూసి కట్టలు కట్టడం, ఇవి చాలు. రాత్రి పొద్దుపోయేదాకా ఉంచొద్దు, పరీక్షల ముందు అసలు రానివ్వొద్దు.

మీ మరదలి భయానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. డబ్బు రుచి మరిగి చదువు మానేస్తారనే భయం ఆమె ఒక్కదానిదే కాదు, జర్మనీలో 2015లో కనీస వేతనం తెచ్చినప్పుడు వృత్తి శిక్షణ పూర్తికాని 18 ఏళ్లలోపు వాళ్లని దాన్నుంచి మినహాయించింది అందుకే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ డబ్బు అవసరమైన పిల్లాడికి గంటకి తక్కువ ఇస్తే ఏం చేస్తాడు? ఇంకో రెండు గంటలు ఎక్కువ చేస్తాడు. పుస్తకం పట్టుకోవాల్సిన టైం అక్కడే పోతుంది. రేటు తగ్గించే బదులు గంటలకి హద్దు పెట్టండి. వారానికి ఇన్ని గంటలు, అంతకు మించి ఒక్క గంట కూడా వద్దు అని మీ మరదలినే చెప్పమనండి, ఆమె మాట అక్కడ చెల్లాలి.

ఇప్పుడు మీవారితో ఎలా మాట్లాడాలో చెప్తాను. వాడి ముందు వద్దు, మీ తమ్ముడి ముందు అసలే వద్దు, పని హడావుడి లేని పూట చూసుకుని ఇద్దరే కూర్చోండి. ముందు ఆయన చేసిందేదో అది చెప్పండి. వాడికి పని నేర్పారు, నలుగురిలో మాట్లాడటం నేర్పారు, అవన్నీ వాడికి తెలుసు. ఆయనకి కోపం వచ్చింది డబ్బు గురించి కాదని నాకనిపిస్తోంది, ఇంత చేశాక కూడా మేనల్లుడు లెక్క అడిగాడే అన్న బాధ అది. ఆ బాధని ఒప్పుకున్నాక ఫోన్ సంగతి తీయండి. ఫోన్ మామయ్య ప్రేమతో ఇచ్చింది, దాన్ని జీతంలో కలిపి లెక్కపెడితే అటు ప్రేమా మిగలదు, ఇటు జీతమూ సరిపోదు. రెండూ వేరువేరుగా ఉంచుకుంటే వాడు జీతం గురించి మొహమాటం లేకుండా అడగగలడు, పండగకో పుట్టినరోజుకో ఏదైనా ఇస్తే సంతోషంగా తీసుకోగలడు.

వచ్చే నెల నుంచి గంటకి పెద్దాయనకి ఇచ్చేదే ఇద్దాం, ఒక్కసారిగా భారం అనిపిస్తే రెండు నెలల్లో ఆ రేటుకి తీసుకొద్దాం, తేదీ వేసి కాగితం మీద రాసిద్దాం అని అడగండి. మీవారికి నిజంగా కష్టంగా ఉంటే గంటలు తగ్గించమనండి, రేటు తగ్గించడం మాత్రం వద్దు. పెద్దాయనకి అనుభవం వల్ల కొంత ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, మెషిన్ చూసుకోవడం, కొత్తవాళ్లకి నేర్పడం ఆయన బాధ్యతలే కాబట్టి ఆ తేడా వాడికీ అర్థమవుతుంది. పాత బాకీ గురించి మీరు పట్టుబట్టకండి, అది మీవారికే తోచాలి. వాడికి ఈ మాట చెప్పాల్సింది కూడా ఆయనే, మీరు కాదు.

మీ తమ్ముడికి ఇదంతా అయ్యాకే ఫోన్ చేయండి. ఇప్పుడు చేస్తే మీరు ఆయన్ని వెనకేసుకొస్తున్నారనే అనుకుంటాడు. పిల్లాడే ఇంటికెళ్లి "మామయ్య జీతం పెంచాడు, మెషిన్ దగ్గరికి వెళ్లొద్దన్నాడు" అని చెప్తే, ఆ సాయంత్రం ఆ ఫోన్ బహుశా అటునుంచే రావచ్చు. రాకపోతే ఒక రెండు రోజులు చూసి మీరే చేయండి, అక్క మీరే కదా.