డాప్సోన్ వేసుకుంటూ కాశీ యాత్ర: మాత్ర పెంచుకుని చపాతీ తినొచ్చా?

తినకండి. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక ఒంటి మీద దురద పొక్కులు లేచే జబ్బు) అని బయాప్సీలో తేలింది, రోజూ డాప్సోన్ వేసుకుంటున్నాను, కాశీ, ప్రయాగ, అయోధ్య వెళ్తున్నాం, అక్కడ ఎటు చూసినా గోధుమే కాబట్టి ఆ నాలుగు రోజులూ మాత్ర ఎక్కువ వేసుకుని అందరితో పాటు తినేస్తే ఏమవుతుంది అని మీరు అడిగారు. నాకూ ఇదే జబ్బు, చాలా ఏళ్లుగా ఉంది, ఆ ఊళ్లన్నీ ఈ మాత్రతోనే తిరిగాను. డాక్టర్ని కాను, డోసు సంగతి మీ స్కిన్ డాక్టర్ చెప్పాల్సిందే.

డాప్సోన్ దురదని భలే ఆపుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది, అందుకే దాని మీద మనకి అంత ధీమా. కానీ గోధుమ వల్ల పేగుకి జరిగే నష్టాన్ని అది ఆపదు. పొక్కులు రాలేదంటే గోధుమ మనకి పడిందని కాదు, మందు పైపైన కప్పి ఉంచిందంతే. డోసు పెంచే కొద్దీ రక్తకణాలు విరగడం, పెదాలూ గోళ్లూ నీలంగా మారడం, మెట్లెక్కితే ఆయాసం, ఇవీ పెరుగుతాయి. కాశీలో ఘాట్ల మెట్లు తెలుసు కదా. పైగా ఒకసారి రేగిన దద్దుర్లు యాత్రతో పోవు, ఇంటికొచ్చాక కూడా వారాల తరబడి మోచేతులూ పిరుదులూ గోక్కుంటూ కూర్చోవాలి.

మాత్రలు ఇక్కడే, వెళ్లే రోజులకి ఓ వారం అదనంగా కలుపుకుని కొనేయండి. ప్రతి మెడికల్ షాపులో ఇది ఉండదు. ఉన్నా "ఇది కుష్టు మందు కదండీ" అని పైనుంచి కిందకి చూస్తారు, నాకు అలవాటైపోయింది. స్ట్రిప్పులు విప్పి డబ్బాలో పోయకుండా అలాగే ఉంచి, మందు పేరు ఉన్న చీటీతో పాటు భుజాన వేసుకునే సంచిలో పెట్టండి, సీటు కింద సూట్‌కేసులో వద్దు. మాత్ర ఆగితే ఒకట్రెండు రోజుల్లో మంట, దురద మళ్లీ మొదలవుతాయి. ఒకవేళ పోగొట్టుకుంటే దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో స్కిన్ ఓపీకి వెళ్లండి. కుష్టు వ్యాధికి సర్కారు ఉచితంగా ఇచ్చే ప్యాకెట్లలో డాప్సోన్ ఉంటుంది కదా అని అవి మాత్రం అడగొద్దు, అందులో వేరే మందులు కూడా కలిపి ఉంటాయి.

ఇక తిండి. తెలుగువాళ్ల సత్రాల్లో అన్నం దొరుకుతుంది, అంతమాత్రాన నిశ్చింత అనుకోకండి. అన్నం, పప్పు, చారు, ఇందులో గోధుమ ఎక్కడుంది అనుకుంటాం. ఒక సత్రంలో నేను అడగ్గానే వంటాయన విసుక్కోకుండా ఇంగువ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు, తిప్పి చూస్తే వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. బజార్లో డబ్బాల్లో దొరికే ఇంగువల్లో చాలావాటికి మైదానో గోధుమ పిండో కలుపుతారు. చారులో పడేది చిటికెడే, కానీ చారు, పప్పు, పులిహోర, ఊరగాయ అన్నింటిలోనూ పడుతుంది. పోపు వేయకముందే నాకు కాస్త పప్పు తీసి పెట్టండి బాబుగారూ అంటే ఎవరూ కాదనలేదు.

ఇంకో ఉపాయం, దీన్ని చాలామంది వాడుకోరు. ఆ వైపు ఉపవాసం ఉండేవాళ్లు గోధుమ ముట్టరు. హోటల్లో "ఫలాహారీ" అనో "వ్రత్ కా ఖానా" అనో అడగండి, సగ్గుబియ్యం కిచిడీ, బంగాళాదుంప కూర, పెరుగు వస్తాయి. కుట్టూ (బక్‌వీట్ అనే గింజ) పిండి పూరీలు మాత్రం నేను తినను, ఆ గింజలో గ్లూటెన్ లేకపోయినా గోధుమ ఆడించే మరలోనే ఆడిస్తారు, సమోసాలు వేయించిన నూనెలోనే వేస్తారు. దోసె కూడా అంతే, రవ్వదోసె పోసిన పెనం మీదే పోస్తారు. ఇడ్లీ అయితే బియ్యం రవ్వా, బొంబాయి రవ్వా అని అడిగి తినండి.

రైల్లో ఇచ్చేది దాదాపు చపాతీ, సమోసా, బ్రెడ్డే, కాబట్టి ఇంటి నుంచి పెరుగన్నం, అటుకులు, మరమరాలు, వేరుశనగలు. నేను చిన్న కరెంటు కుక్కర్, బియ్యం, ఇంగువ లేని కందిపొడి, నెయ్యి సీసా కూడా మోసుకెళ్తాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు, మూడో రోజుకి వాళ్లే గిన్నె పట్టుకుని వస్తారు. రైల్లో ఆ కుక్కర్ ప్లగ్గుకి పెట్టొద్దు, బసలోనే.

పొరపాటున గోధుమ పడి దురద రేగితే సెట్రిజిన్ వేసుకుంటే కాస్త నిద్ర పడుతుందేమో గానీ ఈ దురద దానికి పెద్దగా లొంగదు. గట్టి స్టెరాయిడ్ క్రీము ఒకటి డాక్టర్ చేత రాయించుకుని ఉంచుకోండి. కాళ్ల నొప్పులకి ఐబుప్రోఫెన్ వద్దు, కొందరికి దానితో దద్దుర్లు ఇంకా పెరుగుతాయి, పారాసెటమాల్ చాలు. జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే ప్రయాణం బడలికే అని కొట్టిపారేయకుండా ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి, డాప్సోన్ వల్ల అరుదుగా తెల్లకణాలు పడిపోతాయి. కళ్లు పచ్చబడినా, జ్వరంతో ఒళ్లంతా కొత్తరకం దద్దు వచ్చినా తిన్నగా ఆసుపత్రికే. అక్కణ్నుంచి కేదార్‌నాథ్ కూడా వెళ్లొద్దాం అని ఎవరైనా అంటే డాక్టర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు, అది 3,500 మీటర్ల ఎత్తు, ఈ మందుతో రక్తం ఆక్సిజన్ మోసే శక్తి ముందే కొంత తగ్గి ఉంటుంది. మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు, ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) రిపోర్టుని నమ్మకండి, డాప్సోన్ మీద ఉన్నప్పుడు అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

మాత్ర మొదలుపెట్టి ఎన్నాళ్లయిందో కూడా చెప్పలేదు మీరు. మూడు నెలలు దాటకపోతే యాత్ర కాస్త వెనక్కి జరపగలరేమో చూడండి, పెద్ద ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ఆ మొదటి నెలల్లోనే. జీ6పీడీ పరీక్ష (ఆ ఎంజైము తక్కువుంటే ఈ మందుతో రక్తకణాలు బాగా విరుగుతాయి) చేశాకే మందు ఇచ్చారా? చేయకపోతే టికెట్ల సంగతి తర్వాత, ముందు అది చేయించండి.