వేళ్ళు అలిసిపోయాకే కండక్టర్ అవుతారా?

మీ ప్రశ్న: "వయొలిన్‌లో అంత పేరొచ్చాక వ్లదీమిర్ స్పివకోవ్ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ఎందుకయ్యారు? వయసు మీదపడి వేళ్ళు సహకరించకపోతేనే కదా అటు వెళ్ళేది? మా అబ్బాయి వయొలిన్ నేర్చుకుంటున్నాడు, అందుకే అడుగుతున్నాను."

కాదండీ. ఈ రష్యన్ వయొలిన్ విద్వాంసుడు పుట్టింది 1944లో, ఉఫా నగరంలో. 1970లో మాస్కోలో జరిగే చైకోవ్‌స్కీ సంగీత పోటీలో రెండో బహుమతి. మాస్కో వర్చువోసి ఆర్కెస్ట్రా పెట్టింది 1979లో. అదే ఏడాది అమెరికాలో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి కండక్టర్‌గా నిలబడ్డారు. ముప్పై అయిదేళ్ళకే వేళ్ళు అలిసిపోతాయా? పైగా గోర్కీ నగరంలో ఇజ్రాయెల్ గుస్‌మాన్ అనే కండక్టర్ దగ్గర కూర్చుని కండక్టింగ్ శ్రద్ధగా నేర్చుకున్నారు. వయొలిన్ కింద పెట్టిందీ లేదు.

నేను చిన్నప్పుడు విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్నాను, కర్ణాటక పద్ధతి. తర్వాత మందుల కంపెనీ ఉద్యోగం మీద కొన్నేళ్ళు మాస్కోలో ఉన్నాను. పావెలెత్స్కాయా మెట్రో దగ్గర నది ఒడ్డునే డోమ్ ముజికీ అనే సంగీత భవనం ఉంటుంది. ఒక చలికాలం సాయంత్రం స్పివకోవ్ కచేరీకి అక్కడికి వెళ్ళాను. కోట్లు కింద అప్పజెప్పి టోకెన్ తీసుకుంటే గానీ హాల్లోకి వెళ్ళనివ్వరు. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో కాగితంలో చుట్టిన పూలు.

ఆయన బాఖ్ కన్చెర్టో (సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రచన) వాయిస్తూనే ఆర్కెస్ట్రాను నడిపించారు. తన వంతు అయ్యాక వయొలిన్ దించి, మాకు వీపు పెట్టి, కమానుతోనే రెండు చిన్న సైగలు చేశారు. నా కళ్ళు వెనక నిలబడి డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం వాయించే మనిషి మీదే ఉన్నాయి. ఆ మనిషి కమాను వైపు చూడటం లేదు. స్పివకోవ్ కుడి భుజాన్ని చూస్తున్నాడు! ఆ భుజం ఊపిరితో పాటు కొద్దిగా లేవగానే చెల్లోలు, బాస్ అందరూ ఒకే చోట అందుకున్నారు. నెమ్మది భాగంలో వాళ్ళు ఎంత సన్నగా వాయించారంటే, సోలో వయొలిన్ ఒక్క తీగ మీద నిలబడ్డ చోట కూడా కమాను రాపిడి నాకు వినిపించింది. తను వాయించేటప్పుడు వాళ్ళను వింటున్నారు, వాళ్ళు వాయించేటప్పుడూ వింటున్నారు. పక్కవాద్యం చేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునే తీరు చూసి సంగతి ఎటు పోతుందో పట్టుకోవడం మన పని కదా.

అయిపోగానే జనం స్టేజి దగ్గరికే నడిచి వెళ్ళి పూలిచ్చారు. పెద్దావిడ కూడా వెళ్ళింది. వేదిక మీద ప్రసంగాల్లేవు, శాలువాల్లేవు. మన దగ్గర కచేరీ మధ్యలో ఆపి ముఖ్య అతిథి చేత అరగంట మాట్లాడిస్తారు. మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేచిపోతుంది. మృదంగం వాయించే మనిషి ఎన్నేళ్ళు సాధన చేస్తే ఆ పది నిమిషాలు వస్తాయో వీళ్ళకి ఎవరు చెప్పాలి? వయొలిన్ అనగానే "ఎవరికి పక్కవాద్యం?" అని అడిగేవాళ్ళంటే నాకు ఇప్పటికీ మంట. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు తిరిగిన ఊళ్ళోనే ఈ మాట విన్నాను.

స్పివకోవ్ ఏకాగ్రత గురించి ఒక సంగతి చెప్పాలి. 1976లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఒంటరిగా బాఖ్ షాకోన్ అనే సోలో వయొలిన్ రచన వాయిస్తుంటే, సోవియట్ ప్రభుత్వం యూదుల్ని వేధిస్తోందని నిరసన తెలిపే మనిషి ఒకడు ఆయన మీద ఎర్ర రంగు విసిరాడు. స్పివకోవ్ తల్లి యూదురాలే. దాదాపు పావుగంట సాగే రచన అది. ఆయన ఆపలేదు, చివరిదాకా వాయించారు. అలాంటి మనిషి తన వేళ్ళ మీద నమ్మకం పోయి కండక్టర్ అయ్యారంటే నేను ఒప్పుకోను.

నా నమ్మకం ఒకటే. సోలో వాద్యకారుడు ఊరూరా తిరుగుతూ, ముక్కూ మొహం తెలియని ఆర్కెస్ట్రాలతో ఒకటి రెండు రిహార్సల్స్ చేసి వాయించి వెళ్ళిపోతాడు. స్పివకోవ్‌కి రోజూ కలిసి వాయించే మనుషులు కావాలనిపించింది. అందుకే బొరోదిన్ క్వార్టెట్ అనే నలుగురు తీగవాద్యకారుల బృందం లాంటి చేయి తిరిగిన వాళ్ళను మాస్కో వర్చువోసిలోకి పోగేశారు. 1990లో సోవియట్ దేశం కూలిపోతున్నప్పుడు ఆ ఆర్కెస్ట్రాను స్పెయిన్‌లోని ఒవియెదోకి తీసుకెళ్ళారు. కొందరు అక్కడే స్థిరపడిపోయారు, ఆయన మిగతావాళ్ళతో, కొత్తవాళ్ళతో మళ్ళీ నిలబెట్టారు. 2003లో రష్యా నేషనల్ ఫిల్‌హార్మోనిక్ అనే పెద్ద ఆర్కెస్ట్రాకి సారథి అయ్యారు. వేళ్ళు సహకరించని మనిషికి ఇంత ఓపిక ఎక్కడిది?

మీ అబ్బాయి విషయానికొస్తే, సోలో పోటీలకి తర్వాత పంపొచ్చు. ముందు వారానికి ఒక్కరోజైనా పాడేవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. వర్ణాలూ చిన్న కీర్తనలూ చాలు. గురువుగారు వద్దంటే కారణం అడగండి.