తల్లిని దేవతను చెయ్యకు

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివిన. చచ్చిపోయిన కొడుకు అంగీ జేబుల బస్సు టికెట్ దొరికే పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ఆఖరి రెండు పేజీలకొచ్చేసరికి మాత్రం మస్తు కోపమొచ్చింది. కొడుకును చంపినోన్ని ఉరి తియ్యొద్దని తల్లి అంటది, మంచి ముచ్చటే, మన దిక్కు దీన్ని రాసినోళ్లు తక్కువ. నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న ఉరి తీసినంక మన దగ్గర ఎన్ని పాటలు, ఎన్ని కవితలొచ్చినయ్, ఉరికంబం మీద మస్తు రాసుకున్నం గని హత్య జరిగిన ఇంట్లకు ఎవరూ పోలె. నువ్వు పోయినవ్. పోయి ఆమె నోట్లె గాంధీని, బుద్ధున్ని పెట్టి ఉపన్యాసం ఇప్పిచ్చినవ్. కొడుకు శవాన్ని వరంగల్ ఎంజీఎం దవాఖాన మార్చురీల గుర్తుపట్టొచ్చిన మనిషి అట్ల మాట్లాడతదా?

ఉరి వద్దంటె క్షమించినట్టు కాదు తమ్మీ. ఈ ఒక్కటి నీకు తలకెక్కాలె. అమెరికాల ఓక్లహోమా సిటీల 1995 ఏప్రిల్ 19న బాంబు పేలి 168 మంది చచ్చిపోయిండ్రు, అండ్ల బడ్ వెల్చ్ అనే పెట్రోల్ బంకాయన బిడ్డ జూలీ ఒకతె, 23 ఏండ్లు. మొదట్ల ఆయన విచారణ కూడా వద్దు, చంపెయ్యున్రి అన్నోడే. నెలలకొద్ది తాగిండు, పేలిన జాగ చుట్టే తిరిగిండు. ఎప్పుడో రేడియోల మరణశిక్ష వార్త విని, ఇది పిల్లలకు ద్వేషం నేర్పుడే అని బిడ్డ అన్న మాట మెల్లగ యాదికొచ్చింది. 1998ల ఆ బాంబు పెట్టిన తిమోతి మెక్‌వే తండ్రి ఇంటికి పోయి వంటింట్ల టేబుల్ కాడ కూసున్నడు, ఆ తండ్రి కూడా కొడుకును పోగొట్టుకోబోతున్నోడే కద. 2001 జూన్ 11న మెక్‌వేకు శిక్ష అమలయ్యేదాకా వెల్చ్ వద్దనే అన్నడు. కోపం కాడి నుంచి ఆ మాట దాకా వచ్చుడుకు నెలలకు నెలలు పట్టింది, నువ్వు ఆ నెలలన్ని మింగేసినవ్.

గ్లాడిస్ స్టెయిన్స్‌ను చూడు. 1999 జనవరిల ఒడిశా మనోహర్‌పూర్‌ల ఆమె భర్తను, ఇద్దరు చిన్న కొడుకులను బండిలనే కాలబెట్టిండ్రు. క్షమించిన అన్నది, అయినా క్షమ వేరు, చట్టం వేసే శిక్ష వేరు అన్నది. రెండిటిని ఒకటి చేసేది మనసొంటి రచయితలే.

నేను పగలు ప్రెస్సుల ప్రూఫులు దిద్దుకుంట రాత్రిళ్లు ఇసొంటి కథే రాసిన. తల్లి ఏడ్వన్న ఏడ్వాలె, ఉరి చూసి సంబురపడన్న పడాలె, నడుమల ఏం ఉండదని ఒక వారపత్రిక ఎడిటర్ తిప్పి పంపిండు. ఇప్పుడు పోటీలు పెట్టేటోళ్లు ఉల్టా, ఆఖరికి అందరు కాళ్ల మీద పడి క్షమించుకుంటెనే ప్రైజు. నాకు ఇప్పటికీ కడుపు మండుతది, ఇద్దరికీ ఆ తల్లి అక్కర్లేదు.

ఇంకోటి, జడ్జి పిలిచి "నీకేం శిక్ష కావాలమ్మా" అని అడిగినట్టు రాసినవ్. మన కోర్టుల కేసు సర్కారుకు, ముద్దాయికి నడుమ నడుస్తది, తల్లిని ఎక్కువ సాక్షి లెక్కనే చూస్తరు. శిక్ష గురించి ఏం చెప్పుకుంటవని అడిగేది ముద్దాయినే. తీర్పైన నెలకే ఉరి తీసుడు కూడా తప్పు, సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చెయ్యాలె. హన్మకొండల తొమ్మిది నెలల పాపను చెరిచి చంపిన కేసుల 2019 ఆగస్టుల వరంగల్ కోర్టు ఉరి వేస్తె, నవంబర్‌ల హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలు చేసింది. నీ కథల తల్లిని ఎవరూ అడగరు, అయినా ఆమె చెప్పాలె, అండ్లనే ఉంది నీ కథంతా.

పుస్తకం అచ్చు గురించి, ముందుమాట గురించి అడిగినవ్, అవి ఇప్పుడు కాదు. ఉపన్యాసం మొత్తం కొట్టేసి, ఆమె ఆ మాట మొదట ఎవరితోని అన్నదో రాయ్. పెద్దకొడుకుతోని అంటె వాడు ఊకోడు, తమ్ముని రక్తం అమ్ముకున్నవా అని అంటడు, చుట్టాలు ఇంటికి వచ్చుడు బంద్ చేస్తరు, ఆమె కూడా తిరిగి తిడతది, తిట్టనియ్. ఆ గొడవ పది పేజీలైనా సరే రాసి పంపు.

హన్మకొండ నుంచి,
నీ అన్న