భిన్న కలనమా, పాక్షిక కలనమా?

సందేహం: మా అమ్మాయి షేర్ల ధరల ఎగుడుదిగుళ్లను ఫ్రాక్షనల్ కాలిక్యులస్‌తో లెక్కకట్టడంపై పరిశోధన చేస్తోంది. నేను ‘పాక్షిక కలనం’ అంటే తప్పంది. ‘భిన్న కలనం’ అనాలా?
– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్

సమాధానం: అమ్మాయి మాటే సరి. ‘పాక్షిక’ను మన పాఠ్యపుస్తకాలు పార్షియల్ డెరివేటివ్‌కు ఎప్పుడో ఇచ్చేశాయి: పాక్షిక అవకలజం. ‘భిన్న’కు ‘వేరైన’ అనే అర్థం కూడా ఉంది గానీ, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఒక రాశి ఏ క్షణాన ఎంత వేగంగా మారుతోందో లెక్కకట్టడమే అవకలనం (డిఫరెన్షియేషన్). దాన్ని ఒకసారి, రెండుసార్లు చేయడం లెక్కలు చదివినవాళ్లందరికీ తెలిసిందే. మరి అరసారి చేస్తే? భిన్న కలనం అంటే అదే. 1695లోనే గణితవేత్తలు లైబ్నిజ్, లోపిటాల్ రాసుకున్న ఉత్తరాల్లో ఈ ప్రశ్న వచ్చింది. అరసారి చేసినప్పుడు వచ్చే విలువ ఆ ఒక్క క్షణంతో తేలదు, గడిచిన కాలమంతా అందులో కలుస్తుంది. దగ్గరి గతానికి బరువు ఎక్కువ, పాతదానికి తక్కువ. ఎంత పాతదైనా పూర్తిగా చెరిగిపోదు. మార్కెట్లో రేగిన అలజడి కూడా ఒక్కసారిగా చల్లారదు, నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే ఆర్థిక నమూనాలకు ఈ గణితం పనికొస్తోంది.

ఇది వింటే నాకు మన అరసున్నే గుర్తొస్తుంది. ‘మూఁడు’ చూడండి. తమిళంలో అది ‘మూన్ఱు’. మన నోట ఆ అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఏనాడో పోయింది, కానీ అది ఉండేదని అరసున్న చెబుతోంది. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, తమిళంలో ‘ఆండు’. ‘ఏడు’ అంటే అంకె, తమిళంలో ‘ఏళు’. అక్కడ లేని అనునాసికానికి ఇక్కడ అరసున్న లేదు! మాట వెనకటి బతుకును ఇంత చిన్న గుర్తులో దాచుకున్న లిపి మనది. వ్యాకరణంలో దీని పేరు ఖండబిందువు. ఖండమన్నా భిన్నమన్నా విరిగిందనే. అచ్చులో అడ్డమని దాన్ని తీసిపారేశాం. నాకది ఇప్పటికీ బాధే.

గుర్తు పోతే పోయింది, ‘అర’ అనే మాటనైనా ఉంచుకోవద్దా? టీవీలో ‘జీరో పాయింట్ ఫైవ్ శాతం’ అంటున్నారు. అర శాతం, పావు శాతం అంటే ఎవరికి అర్థం కాదు?

ఇక పేరు సంగతి. √2 సార్లు కూడా అవకలనం చేయవచ్చు. √2 భిన్నం కాదు కాబట్టి ఇంగ్లిషు పేరే కచ్చితం కాదు. ‘భిన్నాంక కలనం’ అంటే ‘వేరైన’ అనే అనుమానం పోతుంది గానీ ఈ చిక్కు పోదు. అంతకన్నా మంచి మాట దొరికేదాకా ‘భిన్న కలనం’ అనే వాడుకోండి.