పాత పటం మీద తడిగుడ్డ పెట్టే ముందు

చి. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో నువ్వు కొన్న రెండు పటాల ఫొటోలూ చూశాను. తామరపువ్వులో నిలబడిన లక్ష్మీదేవి ఒకటి, సంతకం సగం చెరిగిన ఏటిగట్టు దృశ్యం ఒకటి. వచ్చే ఆదివారం రెండింటినీ తుడిచి గోడకు పెడతానని రాశావు. ఆ పని కొన్నాళ్లు ఆపు. పటం దేని మీద, ఏ రంగులతో వేశారో తేలేదాకా దాని మీద తడి పడనివ్వకూడదు. దుమ్ము ఇంకో నెల ఉన్నా నష్టం లేదు కానీ, ఒకసారి లేచిపోయిన రంగును తిరిగి తెచ్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

లక్ష్మీదేవి పటం ‘అసలు రవివర్మ’ అని అమ్మినాయన చెప్పాడన్నావు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుశాల పెట్టించి, తన దేవతా చిత్రాలను రాతి అచ్చు మీద రంగురంగులుగా వేయించాడు. అవి తైలవర్ణ చిత్రాల్లా మెరవాలని పైన వార్నిష్ పూసేవారు, వాటినే ఓలియోగ్రాఫులంటారు. ఆయన పోయిన తరువాత కూడా అవే బొమ్మలను ఎన్నో ముద్రణాలయాలు వేస్తూనే వచ్చాయి. నగల దుకాణాల్లో వాడే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కుని అమ్మవారి చెంప మీద పెట్టి చూడు. చేత్తో పెట్టినట్టు చిన్నా పెద్దా చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తే అది రాతి అచ్చు. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ఒకే ఎడంలో, ముగ్గు వేసినట్టు వరుసగా ఉంటే తరువాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చు. చుక్కలే లేకుండా కుంచె వెంట్రుకల గీతలు, రంగు గట్టుకట్టిన అంచులు కనిపిస్తేనే చేత్తో వేసినదని అనుకోవాలి. పైన చేతికి తగిలే కాన్వాసు గరుకును మాత్రం నమ్మవద్దు. కాగితం మీద ఆ నేత గుర్తును అద్దడం అచ్చువాళ్లకు తెలిసిన విద్యే.

అచ్చు అని తేలితే చిన్నబోవద్దు. చీర అంచున జరీ, చమ్కీలు కుట్టిన పాత ఓలియోగ్రాఫులను ఇష్టంగా వెతికి కొనేవాళ్లున్నారు. అయితే అది కాగితం. వార్నిష్ పగుళ్లలోంచి నీరు దిగితే ఉబ్బుతుంది, మరకలు పడతాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం దాటి నువ్వు ఏమీ చేయకూడదు. అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగనే వద్దు, అలాగే ఉంచు. వందేళ్లు దాటిన చిత్రాలను సొంతంగా విదేశాలకు పంపడం 1972 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. రవివర్మ స్వయంగా వేసిన చిత్రాలను 1979లో జాతీయ కళానిధులుగా ప్రకటించారు. మీ అక్క డల్లాస్ తీసుకువెళతానంటే, ముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి.

ఏటిగట్టు దృశ్యం తైలవర్ణమనే నాకు తోస్తోంది. ముందు బొమ్మ కన్నా వెనకవైపు చూడు. కాన్వాసును చెక్కకు మేకులతో కొట్టారా, స్టేపుల్ పిన్నులతోనా, దుకాణం చీటీ ఏదైనా ఉందా అన్నవి కాలాన్ని కొంత చెబుతాయి. పిన్నులు గత శతాబ్దం నడుమ నుంచి వచ్చిన అలవాటు, కానీ పాత చిత్రాన్ని కొత్త చట్రానికి ఎక్కించినా అవే కనిపిస్తాయి. సంతకాన్ని మాత్రం భూతద్దంతో నిదానంగా పరిశీలించు. సంతకపు రంగు కూడా చుట్టూ ఉన్న రంగుతో పాటే పగిలి ఉంటే మంచిదే. పాత పగుళ్లలోకి ఆ రంగు కారి ఉంటే, చిత్రం పగిలిన తరువాత ఎవరో ధర పెంచడానికి పేరు చేర్చారన్నమాట.

తుడిచే ముందు గది చీకటి చేసి, సెల్‌ఫోను లైటును పక్కవాటుగా పట్టు. రంగు పెచ్చులుగా లేచిన చోట నీడలు పడతాయి. ఒక్క పెచ్చు లేచినా కుంచె కూడా తగిలించకుండా, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చిత్ర సంరక్షణ నిపుణులకు చూపించు. వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థకు ఇలాంటి సంరక్షణ కేంద్రాలున్నాయి. పటాలు కట్టే దుకాణంలో ‘పాలిష్’ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు.

పెచ్చులు లేకపోతే మేకవెంట్రుకల కుంచెతో పైనుంచి కిందికి దులుపు. ఆపైన, అంచున ఫ్రేము కింద దాగే చోట, దూది చుట్టిన పుల్లను నాలుక మీద తడిపి, రుద్దకుండా దొర్లించు. విని ముఖం చిట్లించకు. ఉమ్మిలోని ఎంజైములు జిడ్డును మెల్లగా వదిలిస్తాయి, మ్యూజియాల సంరక్షకులూ ఈ పద్ధతి వాడతారు. వాడిన పుల్లను మళ్లీ నోట పెట్టవద్దు, ఎందుకంటే పాత తెలుపుల్లో సీసం, కొన్ని పాత ఆకుపచ్చల్లో పాషాణం (ఆర్సెనిక్) ఉంటాయి. దూదికి బూడిదరంగు అంటితే అది మురికి. చిత్రంలోని ఎరుపో నీలమో అంటితే అక్కడే ఆపు. పసుపెక్కిన పాత వార్నిష్ తీయడం ఇంటి పని కాదు. ఉల్లిపాయ, బంగాళాదుంప, గిన్నెల సబ్బు, అద్దాలు తుడిచే ద్రవం, కొబ్బరినూనె వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వద్దు. నూనె రాస్తే నాలుగు రోజులు మెరిసి ఆపైన దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఆ బజారులో మన దక్షిణాది పనితనం కూడా దొరుకుతుంది కనుక ఇదీ గుర్తుంచుకో. చేర్యాల నకాశీ పటాలు చింతగింజల జిగురు, సుద్ద పూసిన గుడ్డ మీద వేసినవి, నీళ్లు తగిలితే కరుగుతాయి. తంజావూరు పటాల బంగారు రేకు కింద కూడా సుద్ద, జిగురే. నిర్మల్ పటాలకు కార్లకు వేసేలాంటి డ్యూకో రంగులు వాడతారు; వాటికి థిన్నరు శత్రువు, పొడి మెత్తని గుడ్డ చాలు.

బూజు పట్టి ఉంటే మాస్కు కట్టుకుని, పటాన్ని ఇంటి బయటికి తీసుకువెళ్లి దులపాలి. మళ్లీ ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా నడుమ సందు ఉంచమను. వానకు చెమ్మెక్కే బయటి గోడకు, స్నానాల గది గోడకు వేలాడదీయవద్దు. వెనకవైపు ఫొటోలు, సంతకాన్ని దగ్గరగా తీసిన ఫొటో పంపు, చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ